సొంత ట్రాకులతో లేబుల్ పెడుతున్నారా? ముందు లెక్కల పుస్తకం తెరవండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ టెక్నో, ఎలక్ట్రో ట్రాకులు చేస్తున్నారు. మీవి నాలుగు సిద్ధంగా ఉన్నాయి, ఇద్దరు స్నేహితుల దగ్గర మరో ఐదారు ఉన్నాయి. బయటి లేబుళ్ళకు, అంటే సంగీతం విడుదల చేసే సంస్థలకు, డెమోలు పంపి జవాబు రాక విసిగిపోయారు. చేతిలో లక్ష రూపాయలు ఉన్నాయి కాబట్టి సొంత లేబుల్ పెట్టి, నెలకో రిలీజ్ చేసి, ఏడాది చివర్లో వినైల్ (గ్రామఫోన్ రికార్డు) వేద్దామనుకుంటున్నారు. లేబుల్ నైట్, అంటే లేబుల్ పేరుతో ఒక సంగీత ప్రదర్శన, పెట్టడం గురించి కూడా అడిగారు.

లేబుల్ పెట్టండి. నెలకో రిలీజ్ మాత్రం వద్దు. మొదటి ఏడాది వినైల్ కూడా వద్దు. ఎందుకో చెప్పే ముందు ఒక్క విషయం. మీ ట్రాకులు మీరే వేసుకున్నంత కాలం అది లేబుల్ కాదు, మీ పేరుకు ఇంకో బోర్డు. స్నేహితుడి ట్రాకు వేసిన రోజు నుంచి ఇంకొకరి డబ్బు మీ ఖాతాలో పడుతుంది. ఆ రోజు నుంచి మీరు ప్రొడ్యూసర్ మాత్రమే కాదు, లెక్క చెప్పాల్సిన మనిషి. చిన్న లేబుళ్ళు మూతపడేది సంగీతం బాగాలేక కాదు. ఎవరికి ఎంత రావాలో తెలియక, అడిగితే మొహమాటపడి, చివరికి మాటలు లేకుండా పోయి మూతపడతాయి. కింద చెప్పేదంతా ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికే.

పేరుతో మొదలుపెట్టండి. మనసులో ఉన్న పేరును స్పాటిఫై, బీట్‌పోర్ట్ (డీజేలు ట్రాకులు కొనే స్టోర్), బ్యాండ్‌క్యాంప్ (ఆర్టిస్టులు నేరుగా అమ్ముకునే సైట్), డిస్కాగ్స్ (రికార్డుల వివరాల సైట్) నాలుగింటిలోనూ వెతకండి. తర్వాత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ చేయండి. డౌన్‌లోడ్ చేసుకునే సంగీతం, రికార్డులు 9వ తరగతిలోకి వస్తాయి. షోలు, మ్యూజిక్ ప్రొడక్షన్ 41వ తరగతి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. మొదటి రిలీజ్‌కే దరఖాస్తు చేయనక్కర్లేదు, కానీ వెతకడం మాత్రం మొదటి రోజే జరగాలి. మూడు రిలీజులయ్యాక పేరు మార్చుకుంటే లోగో ఒక్కటే కాదు, కేటలాగ్ నంబర్లు (లేబుల్ తన రిలీజులకు ఇచ్చే వరుస సంఖ్యలు), స్టోర్లలో లేబుల్ పేజీ, పాత లింకులు అన్నీ మార్చాలి.

సంస్థ రూపం గురించి ఎక్కువ ఆలోచించకండి. ప్రొప్రయిటర్‌షిప్, అంటే ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారం, చాలు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. దానితోపాటు షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ ఉంటే బ్యాంకులో లేబుల్ పేరుతో కరెంట్ ఖాతా తెరవచ్చు. జీతం ఖాతాలోకి రాయల్టీలు రానివ్వకండి, ఆర్నెల్లకే ఏది ఏదో విడదీయలేరు. స్నేహితులు కూడా పెట్టుబడి పెడుతుంటే పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకోండి. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే పార్ట్‌నర్‌షిప్) అయితే ఆదాయం సున్నా ఉన్నా ఏటా మే 30 లోపు ఫారం 11, అక్టోబర్ 30 లోపు ఫారం 8 వేయాల్సిందే. నాలుగు ట్రాకుల లేబుల్‌కు ఆ బరువు అనవసరం. ఐటీ కంపెనీలో ఉద్యోగమైతే అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి వ్యాపారం గురించి ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. చాలా కంపెనీలు ముందుగా రాతపూర్వకంగా చెప్పమంటాయి.

ఇక కాగితం. స్నేహితుడే కదా, వాట్సాప్‌లో "సగం సగం రా" అనుకుంటే చాలదా అంటారు. చాలదు. మన కాపీరైట్ చట్టమే ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. హక్కు బదిలీ చేస్తే అది రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, ఏ రికార్డింగ్, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నీ రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్ళని చట్టం అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. మీ ట్రాకు అమ్ముడుపోయేది బెర్లిన్‌లోనో లండన్‌లోనో అయితే ఆ ఒక్క పదం లేకపోవడం ఎంత నష్టమో చూడండి. ఇంకో సంగతి, హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే, కాగితంలో వేరేలా రాసుకోనంతవరకు, ఆ హక్కు తిరిగి వెళ్ళిపోతుంది. "తర్వాత వేద్దాంలే" అని పక్కన పెట్టిన ట్రాకులు మీవి కావన్నమాట.

నా సలహా, హక్కు బదిలీ రాయించుకోకండి. లైసెన్స్ తీసుకోండి. మాస్టర్, అంటే అసలు రికార్డింగ్, ఆర్టిస్ట్‌దే; మీకు 5 ఏళ్ళపాటు ప్రపంచమంతటా ఎక్స్‌క్లూజివ్‌గా విడుదల చేసే హక్కు. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో చెరి సగం. గడువు ముగిశాక 60 రోజుల నోటీసుతో ఎవరైనా బయటికి రావచ్చు. ఇది రెండు పేజీల్లో సరిపోతుంది. ఏ ఖర్చులు తీసివేయవచ్చో పేర్లతో రాయండి: మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనికి చేసే చివరి మెరుగు), కవర్, ఈ రిలీజ్ కోసమే పెట్టిన ప్రచారం, రిమిక్స్ ఫీజు. డిస్ట్రిబ్యూటర్ (ట్రాకులను స్టోర్లకు చేర్చే సంస్థ) ఏడాది చందా, వెబ్‌సైట్, మీ పెట్రోల్ ఇవి లేబుల్ ఖర్చులు, ఆర్టిస్ట్ వాటాలోంచి తీయకూడదు. 5,000 దాటిన ఏ ఖర్చుకైనా ముందు ఆర్టిస్ట్ మెసేజ్‌లోనైనా సరేననాలని రాస్తే తర్వాత గొడవ ఉండదు.

ఆ కాగితంలో ఒక గీత స్పష్టంగా గీయాలి. ఒక ట్రాకులో రెండు ఆస్తులుంటాయి. ఒకటి రికార్డింగ్, అంటే మాస్టర్. రెండోది కంపోజిషన్, అంటే ఆ బాణీ, ఆ బేస్‌లైన్, పాట ఉంటే సాహిత్యం. మీకు వచ్చే లైసెన్స్ మాస్టర్‌కే. 2012 సవరణ తర్వాత కంపోజర్, గీత రచయితలకు రాయల్టీలో వచ్చే వాటాను వాళ్ళు వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ అది పోదు. "మొత్తం కొనేశాం" అనే మాటలు చాలా కాగితాల్లో కనిపిస్తాయి, వాటిని చూసి మీరూ రాయకండి.

డబ్బు కూడా ఈ రెండు దారుల్లోనే వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మీకిచ్చేది మాస్టర్ వైపు డబ్బు మాత్రమే. కంపోజిషన్ వైపు డబ్బు మన దేశంలో కంపోజర్లు, గీత రచయితల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్ వసూలు చేస్తుంది. ట్రాకు చేసిన ప్రతి ఒక్కరూ కంపోజర్‌గా అందులో సభ్యులై, ప్రతి ట్రాకునూ ఐఎస్‌ఆర్‌సీ అనే గుర్తింపు కోడ్‌తో సహా నమోదు చేసుకోవాలి. సభ్యత్వం లేకపోతే ఆ డబ్బు వాళ్ళ దాకా రాదు. ఇంట్లో కూర్చుని మూడేళ్ళుగా ట్రాకులు వేస్తున్న ప్రొడ్యూసర్లలో ఎక్కువమంది ఈ రెండో దారి తలుపు తట్టనే లేదు. అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల్లో మీ ట్రాకు మోగితే అక్కడి వసూలు సంస్థ సౌండ్‌ఎక్స్‌చేంజ్ డబ్బు వసూలు చేస్తుంది: 50 శాతం మాస్టర్ యజమానికి, 45 శాతం ముఖ్య ఆర్టిస్ట్‌కి, 5 శాతం మిగతా వాద్యకారుల నిధికి. నమోదుకు ఖర్చు లేదు.

గాయని పాడినా, బోనాల్లో డప్పు కొట్టే బృందాన్ని రికార్డు చేసి వాడినా, పర్‌ఫార్మర్ హక్కు అనేది ఒకటి ఉంటుంది. ఆ రోజే ఒక పేజీ సమ్మతి పత్రం, చేతికి డబ్బు, రాయల్టీలో వాటా ఉంటే ఎంతో, క్రెడిట్‌లో పేరు ఎలా పడాలో రాయించుకోండి. తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి. మర్ఫా, తీన్‌మార్ దరువులు ట్రాకుల్లోకి తెచ్చేవాళ్ళు ఇప్పుడు పెరిగారు, మంచిదే. కొట్టినవాళ్ళ పేరు క్రెడిట్లలో లేకపోతే మాత్రం అది తప్పు, అలాంటి ట్రాకు వేయకండి.

సినిమా పాట శాంపిల్ (కోసి వాడుకున్న ముక్క) ఉన్న ట్రాకు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, వేయొద్దు. మాస్టర్ హక్కుదారు నుంచి, కంపోజిషన్ హక్కుదారుల నుంచి విడివిడిగా అనుమతి కావాలి. రెండు సెకన్లైతే పరవాలేదు, పిచ్ మారిస్తే పట్టుకోరు అనేవి చట్టంలో లేని మాటలు. మీ సెట్‌లో వాయించుకోవడం వేరు, స్టోర్లలో పెట్టడం వేరు.

దీనికంటే కనిపించని ప్రమాదం శాంపిల్ ప్యాక్ లూపులది, అంటే అమ్మకానికి దొరికే, తిప్పి తిప్పి వాడుకునే చిన్న ముక్కలది. స్ప్లైస్ లాంటి చోట కొన్న లూప్ రాయల్టీ‌ఫ్రీ, నిజమే. కానీ ఎక్స్‌క్లూజివ్ కాదు. అదే నాలుగు బార్ల (తాళం ఆవర్తనాల) సింథ్ లూప్ ఇంకో వందమంది వాడి ఉంటారు. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఫారంలో "యూట్యూబ్ కంటెంట్ ఐడీ కావాలా" అనే గడి ఉంటుంది. డబ్బొస్తుందని టిక్ పెడతారు. దానితో సరిపోయే వీడియోలను పట్టుకోవడానికి యూట్యూబ్ మీ ట్రాకును వేలిముద్రలా దాచుకుంటుంది. మొదటి 20 సెకన్లలో ఆ లూప్ ఒక్కటే విడిగా మోగుతుంటే, ఆ వేలిముద్ర ఎవరో బ్రెజిల్ కుర్రాడి వీడియోతో సరిపోతుంది. అతని వీడియో మీద మీ క్లెయిమ్ పడుతుంది, అతను వివాదం వేస్తాడు. మీ దగ్గర ఎక్స్‌క్లూజివ్ హక్కు లేదు కాబట్టి మీరే ఓడిపోతారు. ఇలా రెండు మూడు జరిగితే డిస్ట్రిబ్యూటర్ మీ ఖాతాకు కంటెంట్ ఐడీ మొత్తం ఆపేస్తాడు, ఒక్కోసారి ఖాతానే నిలిపేస్తాడు. అందుకని డెమో ఒప్పుకున్న రోజే ఆర్టిస్ట్‌ని మూడు ప్రశ్నలు అడగండి: విడిగా వినిపించే లూప్ ఏదైనా ఉందా? ఏ ప్యాక్? దాన్ని కోసి, మార్చి వాడావా, అలాగే పెట్టావా? అలాగే పెట్టి ఉంటే కంటెంట్ ఐడీ గడి ఖాళీగా వదిలేయండి. కిక్, హ్యాట్ లాంటి ఒక్క దెబ్బ శాంపిళ్ళతో ఈ సమస్య దాదాపు రాదు.

డిస్ట్రిబ్యూటర్ ఎంపికలో అందరూ ధర చూస్తారు. మీరు వేరేవి చూడండి. మీ సంగీతం డీజేలు కొనే రకం కాబట్టి బీట్‌పోర్ట్‌కి పంపగలగాలి. లేబుల్‌వర్క్స్, సింఫోనిక్, ప్రోటాన్ లాంటివి ఆ దారిలో పేరున్నవి. ఏడాది చందా పద్ధతిలో నడిచే చోట చందా ఆగితే ట్రాకులు స్టోర్ల నుంచి దిగిపోవచ్చు, ఆ షరతు చదవండి. రాయల్టీని ఆర్టిస్టులకు నేరుగా పంచే స్ప్లిట్ సౌకర్యం ఉందా, నెలవారీ రిపోర్టు ట్రాకుల వారీగా ఎక్సెల్‌లో దిగుతుందా, సపోర్ట్‌లో మనిషి జవాబిస్తాడా, ఇవి ముఖ్యం. రేపు డిస్ట్రిబ్యూటర్ మారాల్సి వస్తే ఆడియో, ఐఎస్‌ఆర్‌సీ, టైటిల్ అక్షరం తేడా లేకుండా అవే ఇచ్చి, కొత్తచోట లైవ్ అయ్యాకే పాతచోట తీయించండి. కోడ్ మారితే స్ట్రీముల లెక్క, ప్లేలిస్టుల్లో చోటు రెండూ పోతాయి. ఐఎస్‌ఆర్‌సీ అంటే 12 అక్షరాల కోడ్, ఒక్కో రికార్డింగ్‌కి ఒకటి. రిమిక్స్‌కి వేరే, రేడియో ఎడిట్‌కి వేరే. మన దేశంలో దీన్ని ఇచ్చే ఏజెన్సీ ఐఎంఐ (ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ). డిస్ట్రిబ్యూటర్ ఇచ్చినా సరే, ఏ ట్రాకుకు ఏ కోడో మీ షీట్‌లో రాసి పెట్టుకోండి.

ఆ షీట్ గురించి కొంచెం చెప్పాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే పుడతాయి. ప్రతి ట్రాకుకు ఒక వరుస: కేటలాగ్ నంబర్, టైటిల్, మిక్స్ పేరు, ఆర్టిస్ట్ పేరు స్టోర్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో, ఆ ఆర్టిస్ట్ స్పాటిఫై పేజీ లింకు, యాపిల్ పేజీ లింకు, కంపోజర్ అసలు పేరు, వాటా శాతం, ఐఎస్‌ఆర్‌సీ, బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు), కీ (శ్రుతి), జానర్, భాష, రిలీజ్ తేదీ. ఆర్టిస్ట్ పేజీ లింకులు ఎందుకంటే, ఒకే పేరుతో ప్రపంచంలో నలుగురుంటారు. లింకు ఇవ్వకపోతే మీ స్నేహితుడి ట్రాకు ఫిన్లాండ్‌లో ఎవరి పేజీలోనో పడుతుంది. దాన్ని సరిచేయించడానికి రోజులు పడుతుంది, ఆలోగా రిలీజ్ రోజు వేడి చల్లారిపోతుంది. టైటిల్ తెలుగు మాటైతే రోమన్ స్పెల్లింగ్ ఒక్కటే నిర్ణయించి అన్నిచోట్లా అదే వాడండి. ఒకచోట రెండు "ఎ"లు, ఇంకోచోట ఒకటి పెడితే వెతికినవాళ్ళకు దొరకదు.

ఆడియో విషయం. ఆర్టిస్ట్ నుంచి 24 బిట్ వేవ్ (WAV) ఫైల్, మాస్టర్ బస్ (అన్నీ కలిసే చివరి ఛానల్) మీద శబ్దాన్ని అణిచే లిమిటర్ లేకుండా, పీక్ మైనస్ 6 నుంచి మైనస్ 3 డెసిబెల్స్ మధ్య తెప్పించుకోండి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి వాల్యూమ్ సర్దుతుంది కాబట్టి మాస్టర్ కూడా అంతే ఉండాలని కొందరు పొరబడతారు. క్లబ్ ట్రాకుకు అది తక్కువ, డీజే పక్క ట్రాకుతో కలిపినప్పుడు మీది పడిపోయినట్టుంటుంది. గట్టిగానే మాస్టర్ చేయించండి, ట్రూ పీక్ (అసలైన గరిష్ఠ స్థాయి) మాత్రం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. మోనోలో, అంటే ఎడమ కుడి కలిపి ఒకే ఛానల్‌గా, తప్పకుండా వినండి. చాలా పబ్బుల్లో స్పీకర్లు మోనోలోనే నడుస్తాయి. వెడల్పు కోసం ఫేజ్ తిప్పిన బేస్ అక్కడ మాయమైపోతుంది. డీజేలకు పంపే ప్రోమో కాపీ వేవ్ వద్దు, అందులో ట్యాగులు సరిగా నిలవవు. ఏఐఎఫ్‌ఎఫ్ కానీ 320 ఎంపీ3 కానీ పంపండి. కవర్, లేబుల్, బీపీఎం, కీ అన్నీ ట్యాగుల్లో ఉండాలి. మొదట, చివర 16 లేదా 32 బార్లు కలపడానికి వీలుగా లేకపోతే బాగున్న ట్రాకు కూడా సెట్‌లోకి రాదు.

స్టెమ్స్ (డ్రమ్స్, బేస్ లాంటి భాగాల విడివిడి ఫైళ్ళు) కూడా అప్పుడే తీయించి దాచండి. రెండేళ్ళ తర్వాత ప్రాజెక్ట్ ఫైల్ తెరిస్తే సగం ప్లగిన్లు ఉండవు. హైదరాబాద్‌లో యాడ్ ఫిల్ములు, గేమ్ స్టూడియోలు, ఓటీటీ పని బాగా ఉంది. వాళ్ళు అడిగేది రేపు ఉదయానికి 30 సెకన్ల ఎడిట్, డ్రమ్స్ లేకుండా ఒక వెర్షన్. మాస్టర్, కంపోజిషన్ రెండు అనుమతులూ ఒకేచోట దొరికితేనే వాళ్ళు ముందుకొస్తారు. అందుకే ఆర్టిస్ట్ కాగితంలో సింక్ (సినిమా, యాడ్, గేమ్‌లో ట్రాకు వాడుకోనివ్వడం) కోసం ఒక వాక్యం పెట్టండి: 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి, వచ్చినదాంట్లో చెరి సగం. స్ట్రీమింగ్‌లో ఏళ్ళు పట్టే మొత్తం ఒక్క సింక్‌లో రావచ్చు.

ఇప్పుడు నెలకో రిలీజ్ ఎందుకు వద్దన్నానో. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని ట్రాకుకు మాస్టర్ రాయల్టీ లెక్కకే రాదు. నెలకో నాలుగు ట్రాకుల ఈపీ (చిన్న ఆల్బమ్) అంటే ఏడాదికి 48 ట్రాకులు. వాటిలో చాలా మటుకు ఆ గీత కిందే ఉండిపోతాయి. ఏడాదికి 4 రిలీజులు వేసి, ఒక్కోదానికి మూడు నెలలు పనిచేస్తే గీత దాటే ట్రాకులు ఎక్కువుంటాయి. మూడు నెలలంటే ఇలా: 12 వారాల ముందు మాస్టర్లు, 8 వారాల ముందు కవర్, కాగితాలపై సంతకాలు, 6 వారాల ముందు డిస్ట్రిబ్యూటర్‌కి అప్‌లోడ్, అదే వారం డీజేలకు ప్రోమో. స్పాటిఫై ఎడిటర్లకు పిచ్ (ట్రాకును ప్లేలిస్టులో పెట్టమనే విన్నపం) కనీసం 7 రోజుల ముందు వెళ్తేనే ఫాలోయర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులోకి మీరు ఎంచిన ట్రాకు వెళ్తుంది. ఆర్టిస్ట్‌కి ఒకసారికి ఒక్క ట్రాకే పిచ్ చేయగలరు. కవర్ 3000 చొప్పున చదరం, అందులో వెబ్ అడ్రస్‌లు, ధరలు, సోషల్ మీడియా లోగోలు ఉంటే వెనక్కి కొడతారు. దసరా, సంక్రాంతి వారాల్లో ఇక్కడి డిజైనర్, మాస్టరింగ్ మనిషి ఫోనెత్తరని ముందే లెక్కేసుకోండి.

"పదివేల స్ట్రీములు ఇంత" అని వచ్చే మెసేజ్‌లకు దగ్గరకు కూడా పోకండి. కృత్రిమ స్ట్రీములు బయటపడితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కు ట్రాకు చొప్పున జరిమానా వేస్తుంది, వాళ్ళు మీ దగ్గర తీసుకుంటారు లేదా ఖాతా మూసేస్తారు. ఒక ఆర్టిస్ట్ చేసిన తప్పుకు మీ కేటలాగ్ మొత్తం దిగిపోతుంది. ఈ మాట కూడా కాగితంలో ఉండాలి.

ఈ రకం సంగీతానికి నిజంగా డబ్బు పెట్టి కొనేవాళ్ళు బ్యాండ్‌క్యాంప్‌లో ఉన్నారు. డిజిటల్ మీద వాళ్ళ కోత 15 శాతం, ఏడాదిలో 5,000 డాలర్ల అమ్మకం దాటితే 10 శాతం, వస్తువుల మీద 10 శాతం. పేమెంట్ ఖర్చు దీనికి అదనం. డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది. చిక్కు ఎక్కడంటే, పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు 2021 ఏప్రిల్‌లో ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేవే మిగిలాయి. కూకట్‌పల్లిలో ఉన్న మీ అభిమాని కార్డుతో ప్రయత్నించి, కుదరక వదిలేస్తాడు. ఇక్కడివాళ్ళ కోసం యూపీఐ క్యూఆర్ పెట్టండి, డబ్బు రాగానే బ్యాండ్‌క్యాంప్ డౌన్‌లోడ్ కోడ్ పంపండి. ఆ అమ్మకాన్ని అదే రోజు షీట్‌లో రాయండి. రాయకపోతే ఆర్టిస్ట్ వాటా మింగినట్టే.

విదేశీ డబ్బుకు రెండు జాగ్రత్తలు. డిస్ట్రిబ్యూటర్ అడిగే డబ్ల్యూ8బెన్ (విదేశీయుల కోసం అమెరికా పన్ను ఫారం) నింపి పాన్ నంబర్ ఇవ్వండి. నింపకపోతే అమెరికా ఆదాయం మీద 30 శాతం పట్టుకుంటారు, నింపితే మన ఒప్పందం ప్రకారం రాయల్టీకి 15 శాతం. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరి వరకే అది చెల్లుతుంది, తేదీ రాసుకోండి. రెండోది, బయటినుంచి డబ్బు వచ్చినట్టు బ్యాంకు, పేపాల్ ఇచ్చే రుజువు పత్రాలు నెలనెలా దాచుకోండి. జీఎస్టీ పరిమితి మీకు 20 లక్షలు. కాని విదేశీ సేవలకు చందాలు కడుతున్నారు కాబట్టి రివర్స్ ఛార్జ్ (సేవ కొన్నవాళ్ళే పన్ను కట్టడం) సంగతి సీఏను అడగండి, ఊహించకండి.

ఆర్టిస్ట్‌కి పంపే లెక్కల స్టేట్‌మెంట్ ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం. స్నేహితుడి ఈపీకి మాస్టరింగ్ 12,000, కవర్ 6,000, ప్రోమో 7,000, మొత్తం 25,000 అయిందనుకోండి. జనవరి నుంచి జూన్ వరకు డిస్ట్రిబ్యూటర్ నుంచి 9,200, బ్యాండ్‌క్యాంప్ నుంచి 11,400 వచ్చాయి. మొత్తం 20,600. ఇంకా 4,400 లోటు, ఆర్టిస్ట్‌కి సున్నా. జూలై నుంచి డిసెంబర్ వరకు 7,800 వచ్చింది. లోటు పోగా 3,400, ఆర్టిస్ట్‌కి 1,700. ఏడాదికి 1,700 రూపాయలా అని ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. సెప్టెంబర్‌లోనే మూడు బిల్లుల ఫోటోలతో మొదటి స్టేట్‌మెంట్ పంపి ఉంటే, మరుసటి మార్చిలో ఆ 1,700 చూసి "లోటు పూడిందన్నమాట" అనుకుంటాడు. పంపకపోతే మోసం చేశాడనుకుంటాడు. అంకె అదే.

అందుకే సున్నా వచ్చినా స్టేట్‌మెంట్ పంపాలి. ఏడాదికి రెండుసార్లు, అర్ధ సంవత్సరం ముగిసిన 90 రోజుల్లోపు. స్టోర్ల రిపోర్టులే రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి అంతకు ముందు కుదరదు. డాలర్‌ను గూగుల్ రేటుతో మార్చకండి, బ్యాంకులో పడిన రూపాయలే రాయండి. పలువురి ట్రాకుల సంకలనం అయితే స్ట్రీములు ట్రాకు వారీగా, పూర్తి ఆల్బమ్ అమ్మకాలు ట్రాకుల సంఖ్యతో సమానంగా పంచండి. ఒక రిలీజ్ లోటును ఇంకో రిలీజ్ లాభంతో పూడ్చకండి, కాగితంలో ముందే రాసుంటే తప్ప.

లేబుల్ నైట్ గురించి కూడా అడిగారు. ఊళ్ళో డీజే అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఊరేగింపు బండి. మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్‌లను నగర పోలీసులు 2024 అక్టోబర్‌లో నిషేధించారు కూడా. కాబట్టి అనుమతుల కాగితంలో, పోస్టర్లో "డీజే నైట్" బదులు "ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రదర్శన" అని రాస్తే మీరేం చేస్తున్నారో సరిగ్గా తెలుస్తుంది. శబ్ద నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మూసిన గదుల్లో తప్ప లౌడ్‌స్పీకర్ కుదరదు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. జూబ్లీహిల్స్‌లో పబ్బు గోడకు ఆనుకునే ఇళ్ళుంటాయి, సబ్ వూఫర్ బేస్ గోడ దాటుతుంది, ఫిర్యాదు వస్తుంది. టెర్రస్ అయితే ఆదివారం సాయంత్రం 5 నుంచి 10 వరకు పెట్టుకోండి, ముఖ్యమైన సెట్ 8 నుంచి 9:30. పీపీఎల్ (రికార్డింగుల వైపు), ఐపీఆర్‌ఎస్ (కంపోజిషన్ వైపు) లైసెన్సులు ఎవరు కడుతున్నారో వేదికతో ముందే రాతలో తేల్చుకుని, కాపీ అడగండి. బార్ అమ్మకం ఇంత చేయిస్తానని మాత్రం పూచీ పడకండి. వాన కురిసి ఐటీ కారిడార్ ట్రాఫిక్ ఆగిపోతే ఆ లోటు మీ జేబులోంచే పోతుంది.

వినైల్. ముంబైలో మళ్ళీ ప్రెసింగ్ మొదలైంది, దారి దగ్గరైంది. అయినా లాకర్ (మొదటి మూల డిస్క్) కోత, స్టాంపర్ (అచ్చు), టెస్ట్ ప్రెసింగ్ (నమూనా కాపీలు) ఖర్చు 100 కాపీలకైనా 300 కాపీలకైనా ఒకటే, కాబట్టి కాపీలు తగ్గితే ఒక్కోదాని ధర పెరుగుతుంది. మీ లక్షలో పెద్ద భాగం అట్టపెట్టెల్లో మూలుగుతుంది. బ్యాండ్‌క్యాంప్‌లో ఒకే రిలీజ్‌ను 150 మంది డబ్బిచ్చి కొన్నాక ప్రీఆర్డర్ తెరవండి. అప్పుడు కూడా వినైల్‌కు వేరే మాస్టర్ కావాలి: బేస్ మోనోలో, పదునైన హ్యాట్లు తగ్గించి, 12 అంగుళాల 45 ఆర్‌పీఎంలో ఒక్కో వైపు 10 నిమిషాలకు అటూ ఇటూగా. గట్టి ట్రాకును బయటి వైపు పెట్టండి, లోపలి గాడిలో హై ఫ్రీక్వెన్సీలు చెదురుతాయి. మే నెలలో రికార్డులు కారు డిక్కీలో వదిలితే వంగిపోతాయి.

లక్షను ఇలా విడదీయండి: మొదటి రెండు రిలీజులకు 25,000 చొప్పున, డిస్ట్రిబ్యూటర్, వెబ్ అడ్రస్, సీఏకు 15,000, ట్రేడ్‌మార్క్ రెండు తరగతులకు 9,000. మిగిలిన 26,000 ముట్టుకోకండి, మూడో రిలీజ్ దానితోనే. అంతవరకు మొదటిదాని డబ్బు వచ్చి ఉండదు.

మీ సొంత ట్రాకులను మూడో ఆర్టిస్ట్‌లా చూడండి. మీకూ కాగితం, మీకూ స్టేట్‌మెంట్, మీ ఖర్చులకూ బిల్లు. మొదటి రిలీజ్ మీదే వేయండి, తప్పులు మీ ట్రాకు మీదే జరగనివ్వండి. రెండోది స్నేహితుడిది. మీ నాలుగింటిలో రెండు మాత్రం సొంత లేబుల్‌లో పెట్టుకుని, మిగతా రెండు బయటికి పంపుతూనే ఉండండి. ఢిల్లీలో ఖిల్లా, బెంగళూరులో కన్సాలిడేట్, ముంబైలో క్రంక్ కల్చర్ లాంటి లేబుళ్ళు ఏం వేస్తున్నాయో ఆరు నెలలు విని, నప్పే చోటికే పంపండి. ప్రైవేట్ లింకు, మూడు వాక్యాలు, ఒక్క ట్రాకు చాలు. మీ లేబుల్‌కి డెమోలు వచ్చినప్పుడు కూడా రెండు వారాల్లో జవాబివ్వండి, వద్దనైనా సరే.